అల్పశక్తి గల యజమాని

ఆ మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు, తాళ్ళమర్రు పట్టణంలో అందరికన్నా శక్తిమంతుడైన బత్తినపాటి కోదండం రేషన్ షాపు క్యూలో చివర నిలబడి, ఎవరైనా వచ్చి తనను నెడతారేమోనని ఎదురుచూస్తున్నాడు.

ఎవరూ నెట్టలేదు. ఆయన ముందున్న నలభై మంది నిశ్శబ్దంగా పక్కకు తప్పుకుని ఆయన్ని మొదటివాణ్ణి చేశారు. ఆయన మళ్ళీ నడుచుకుంటూ చివరికి వెళ్ళాడు. వాళ్ళు మళ్ళీ తప్పుకున్నారు. నాలుగోసారికి కోదండానికి ఓపిక నశించింది.

"ఒరే డీలరూ, నన్ను నెట్టరా" అన్నాడు.

డీలరు రెండు చేతులూ జోడించాడు. "నా వల్ల కాదయ్యగారూ. పిల్లలు గలవాణ్ణి."

"నెట్టకపోతే నీ షాపు ఉండదు."

డీలరు కళ్ళు మూసుకుని నెట్టాడు. కోదండం రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన వెంట వచ్చిన ఫోటోగ్రాఫర్ చప్పున ఫోటో తీశాడు. ఫోటో కింద రాయాల్సిన వాక్యం ముందే టైపు చేయించి ఉంది: 'రేషన్ షాపు వద్ద గెంటివేతకు గురైన దరఖాస్తుదారు.'

రెండు గ్రానైట్ క్వారీలు, మూడు శీతల గిడ్డంగులు, పదకొండు లారీలు ఉన్న మనిషికి ఇంత అవస్థ ఎందుకు వచ్చింది? ఒక్క మాట వల్ల వచ్చింది. ఆ మాట 'గల'.

ముప్ఫై ఏడేళ్ళ కిందట ప్రభుత్వం తాళ్ళమర్రు మిట్ట మీద టవరు వేసి, వంద వాట్ల టెలివిజన్ కేంద్రం పెట్టింది. రాజధానిలో చదివే వార్తలను పట్టుకుని తాళ్ళమర్రు మీదకు వదలడమే దాని పని. ఇంటింటికీ డిష్‌లు వచ్చాక ఆ కేంద్రాన్ని చూసేవాడు లేకుండా పోయాడు. చూసేవాడు లేడన్న సంగతి ప్రభుత్వానికి తెలియడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. మూసేశారు. టవరు మున్సిపాలిటీ చేతికి వచ్చింది. దాన్ని ఏం చేయాలో తెలియక మున్సిపాలిటీ పాల సంఘానికి ఇచ్చింది. పాల సంఘం దానికి గేదెల్ని కట్టేసింది. చివరికి పాత సామాను కింద వేలం వేస్తే, బజార్లో టీవీలు బాగుచేసే దరువూరి మస్తానమ్మ పాడుకుంది.

ఇనుము కోసం కొనుక్కుందని అందరూ అనుకున్నారు. ఆమె ఏడు నెలలు పేడ కడిగి, తీగలు మార్చి, పది వాట్ల యంత్రం ఒకటి అమర్చింది. పది వాట్లంటే స్నానాల గదిలో బల్బు. దానితోనే 'మన టీవీ' మొదలైంది. తూర్పున రైలు గేటు, పడమర నూలు మిల్లు. ఆ మధ్యలో ఉన్నవాళ్ళకు బొమ్మ వచ్చేది. గేటు దాటితే వార్తలు చదివేవాడి మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయేది. ప్రభుత్వం ఆమెకు తాత్కాలిక అనుమతి ఇచ్చింది. పదకొండేళ్ళుగా అది తాత్కాలికంగానే ఉంది.

వార్తలు చదివేవాడు ఖాజావలి. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైనవాడు. ముప్ఫై ఏళ్ళు బస్సులో అరిచిన గొంతు కాబట్టి మైకు అవసరం ఉండేది కాదు. ఒక వార్త అయిపోయి ఇంకో వార్తకు వెళ్ళేటప్పుడు 'రైట్' అనేవాడు. అలవాటు.

రోజూ సాయంత్రం ఆరు గంటలకు వచ్చే 'ఊరి మాట' ఆ చానల్‌కి ప్రాణం. కుళాయి రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా జనం చీటీ రాసిచ్చేవాళ్ళు. మస్తానమ్మ దాన్ని చదివి, కెమెరా వంక చూసి, "ఇది ఎవరి పనో వాళ్ళకి తెలుసు" అనేది. అంతే. మర్నాటికి పని అయిపోయేది. తన పేరు చెప్పలేదుగానీ తననే అన్నదని ఊళ్ళో నలుగురైదుగురికి ఒకేసారి అనిపించేది.

ఆ మాటకు లొంగనివాడు ఒక్కడే. కోదండం. ఆయన క్వారీ లారీలు పైన టార్పాలిన్ పట్టా కప్పకుండా బడి వీధిలోంచి పోతాయి. రాతి పొడి పిల్లల పలకల మీదా, అన్నాల మీదా, ఊపిరితిత్తుల్లోనూ పడుతుంది. 'లారీలకు పట్టా కట్టించండి' అన్న ఫిర్యాదు మస్తానమ్మ రెండేళ్ళుగా ప్రతి శుక్రవారం చదువుతోంది. కోదండం ప్రతి శుక్రవారం వింటున్నాడు. పట్టా మాత్రం కట్టలేదు. ఆ స్టేషన్ తన చేతికొస్తే ఆరు గంటలకు భజనలు వేయిస్తానని ఆయన చాలామందితో అన్నాడు.

సరిగ్గా అప్పుడు కొత్త ఉత్తర్వు వచ్చింది.

'అల్పశక్తి గల స్థానిక టెలివిజన్ కేంద్ర యజమాని మాత్రమే శాశ్వత లైసెన్సుకు అర్హుడు.'

రాసినవాడి ఉద్దేశం సులువైనది. తక్కువ వాట్ల కేంద్రాలు నడిపేవాళ్ళు వచ్చి లైసెన్సు తీసుకోవచ్చు. కానీ స్థానిక ప్రసారాల సంచాలక కార్యాలయంలో ఒక గుమాస్తాకు సందేహం వచ్చింది. అల్పశక్తి ఎవరికి గలది? కేంద్రానికా, యజమానికా? ఫైలు భాషా విభాగానికి వెళ్ళింది. పదిహేను రోజుల తర్వాత జవాబు వచ్చింది:

'బలము గల ఎద్దు యజమాని అన్నప్పుడు బలము ఎద్దుదా, యజమానిదా అను సంశయము కలుగును. యజమానిదే అని గ్రహించవలెను. ఏలననగా ఎద్దు దరఖాస్తు పెట్టదు.'

దీనికి తిరుగు లేదు. అవి తెలుగు భాషా వారోత్సవాల రోజులు కావడంతో ఇంగ్లీషు ప్రతిని అప్పటికే రద్దు చేసి ఉన్నారు. ప్రసార సాధనాలు బలవంతుల చేతుల్లోంచి బలహీనుల చేతుల్లోకి వస్తున్నాయని పత్రికలు సంపాదకీయాలు రాశాయి. మేధావులు హర్షించారు. ఇంతమంది హర్షించాక అది పొరపాటని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఉప సంచాలకుడు చింతగుంట్ల విఠలేశ్వరరావు జీపులో తాళ్ళమర్రు వచ్చాడు. ఆయన చేతిలో పదిహేడు ప్రశ్నల ఫారం ఉంది. పైన 'అశక్తత నిర్ధారణ పత్రము' అని అచ్చు వేసి ఉంది.

మస్తానమ్మ ఆయన్ని నేరుగా యంత్రం దగ్గరికి తీసుకెళ్ళింది.

"మీటరు చూడండి సారూ. పది వాట్లు. పదకొండు చూపిస్తే నన్నడగండి."

"యంత్రము యొక్క శక్తితో ఈ కార్యాలయమునకు నిమిత్తము లేదమ్మా" అన్నాడు విఠలేశ్వరరావు. "మీ శక్తి ఎంత?"

"నాదా? టవరెక్కి దిగగలను."

ఆయన రాసుకున్నాడు: 'శారీరక శక్తి గమనింపదగినది.'

"మీరు వీధిలోనికి వచ్చినచో లేచి నిలబడువారు ఎందరు?"

"ఎవరు లేస్తారు సారూ? మా షాపు మెట్ల మీద కుక్క లేస్తది."

'ఒకటి' అని రాసుకున్నాడు.

పదహారు ప్రశ్నలు అయ్యేసరికి ఆయన మొహం కొంత ప్రసన్నంగానే ఉంది. పదిహేడో ప్రశ్న కింద రెండు గీతలు గీసి ఉన్నాయి: 'మీరు చిట్టచివర చెప్పిన మాట చెల్లినదా?' ఇదే నిర్ణాయకమని, పై పదహారూ దీనికి అనుబంధాలని ఆయన వివరించాడు.

ఇక్కడే మస్తానమ్మ పొరపాటు చేసింది. మంచి పని చేసినవాళ్ళకు అధికారి దగ్గర మేలు జరుగుతుందనుకుంది. లోపలికి వెళ్ళి 'ఊరి మాట' రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఒక గడిలో ఫిర్యాదు, ఇంకో గడిలో చదివిన తేదీ, మూడో గడిలో ఎర్ర సిరాతో పని అయిన తేదీ.

"నాలుగొందల పన్నెండు చదివినాం సారూ. మూడొందల తొంభై తీరినయ్యి."

"మిగిలిన ఇరువది రెండు?"

"ఇరవై ఒకటి దేవుడివి. వానలు, సంతానం, అట్టాంటియ్యి. ఒకటి కోదండం గారిది."

విఠలేశ్వరరావు కలం మూత పెట్టాడు. కలెక్టరు గారు స్వయంగా వినే అర్జీలే నూటికి ముప్ఫై ఒకటి తీరుతున్నాయని, ఈ లెక్కన ఆమె కలెక్టరుకు మూడు రెట్లని బాధగా చెప్పాడు. తర్వాత ఆమె పేరుకు ఎదురుగా 'ఉన్నతశక్తి' అని రాశాడు. ముప్ఫై రోజుల్లోగా శక్తి క్షీణించినట్టు రుజువు చేసుకోకపోతే కేంద్రాన్ని అర్హుడైన మరో స్థానికుడికి కేటాయిస్తామని నోటీసు చేతికిచ్చాడు.

జీపు వెళ్ళిపోయింది. ఖాజావలి నోటీసు రెండుసార్లు చదివాడు.

"మంచి చెయ్యడం కూడా ఇంత నేరమా అమ్మాయ్?"

"నేరం కాదన్నా. రిజిస్టరు పెట్టడం నేరం" అంది మస్తానమ్మ.

మర్నాడు కోదండం దరఖాస్తు పెట్టాడు.

శక్తి లేదని నిరూపించుకోవడానికి శక్తి ఉన్నవాడికి బోలెడు సదుపాయాలు ఉంటాయి. కోదండం ముప్ఫై రోజుల్లో నలభై మూడు అర్జీలు పెట్టాడు. వంతెన కావాలన్నాడు, చెరువు కావాలన్నాడు, ఊరికి విమానాశ్రయం కావాలన్నాడు. ప్రతి అర్జీ పెట్టే ముందు ఆ ఆఫీసరుకు ఫోన్ చేసి తిరస్కరించమని చెప్పేవాడు. వాళ్ళు భయభక్తులతో ఆ రోజే తిరస్కరించేవాళ్ళు. ఒక ఇంజనీరు పొరపాటున ఒకటి మంజూరు చేసినందుకు బదిలీ అయ్యాడు.

ఇంటి నుంచి కూడా ఒక ధ్రువీకరణ కావాలన్నారు. కోదండం భార్య సామ్రాజ్యమ్మ దగ్గరికి తెల్లకాగితం తీసుకెళ్ళి, ఏదో ఒకటి కల్పించి రాయమన్నాడు. ఆమె కల్పించలేదు. 'ఇరవై ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో మా ఆయన మాట ఒక్కటీ చెల్లలేదు' అని గబగబా రాసి సంతకం పెట్టింది. ఆ ఫైల్లో నిజమైన కాగితం అదొక్కటే.

కోదండం ఏ క్యూలో నిలబడితే ఆ క్యూలో ఏదో లాభం ఉంటుందని తాళ్ళమర్రు నమ్మకం. వారం తిరిగేసరికి ఆ ఒక్క స్టేషన్ కోసం రెండొందల పదహారు దరఖాస్తులు పడ్డాయి. అక్కణ్ణుంచి ఊరు అశక్తత మత్తులో పడిపోయింది. దరఖాస్తు పెట్టినవాడు విచారణ రోజు దాకా ఎక్కడా అధికారం చూపకూడదు కదా. నీళ్ళ ట్యాంకు ఆపరేటరు వాల్వు తిప్పడం మానేశాడు. ఒక్క చేత్తో మూడు వార్డులకు నీళ్ళివ్వడం శక్తి కాక ఏమిటన్నాడు. లైన్‌మన్ వీధి దీపాల స్విచ్చి ముట్టుకోలేదు. హైస్కూలు హెడ్మాస్టరు హాజరు పిలవలేదు. వంద మంది తనకు 'ప్రెజెంట్ సార్' అనడం ప్రమాదకరమన్నాడు. పిల్లలు కూడా హోంవర్క్ చేసే శక్తి తమకు లేదని సంతకాలు చేసి ఇచ్చారు.

ఎమ్మార్వో పరిస్థితి ఇంకా విచిత్రం. అశక్తత ధ్రువపత్రం ఇవ్వాల్సింది ఆయన. ఆయన కూడా దరఖాస్తుదారుడే. సంతకం పెడితే అధికారం చలాయించినట్టవుతుందని పెట్టనన్నాడు. దరఖాస్తుదారులు ఆయన్ని తిట్టుకోలేదు. పైగా దండలు వేశారు. అడిగిన కాగితం దొరకలేదంటే అంతకు మించిన అశక్తత ఏముంటుంది? ఆయన నిరాకరణలనే నకళ్ళు తీయించి ఫైళ్ళలో పెట్టుకున్నారు.

అశక్తుల సంఘం ఒకటి పుట్టింది. అధ్యక్ష పదవి శక్తి కిందకు వస్తుంది కాబట్టి ఎవరూ అధ్యక్షుడిగా ఉండనన్నారు. సభ ప్రారంభించే శక్తి ఎవరికీ లేక అందరూ గంటన్నర కూర్చుని, ముగించే శక్తి లేక ఇంకో గంట కూర్చున్నారు.

ఈలోగా మస్తానమ్మ బల్ల మీద చీటీలు గుట్టగా పేరుకున్నాయి. మూడో వార్డులో నీళ్ళు లేవు. ఆసుపత్రి వీధిలో దీపం లేదు. నాలుగో వార్డు కాలువ పొంగుతోంది.

ఖాజావలి చీటీలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "చదువుతావా, మానేస్తావా?"

చదివితే పనులు జరుగుతాయి. జరిగితే స్టేషన్ పోతుంది. చదవకపోతే ఊరికి నీళ్ళుండవు.

"ఈ టవరు పోతే నాకు రిపేరు షాపు మిగుల్తదన్నా" అంది మస్తానమ్మ. "ఊరికి కోదండం మిగుల్తాడు. అదీ నా భయం."

కాసేపు ఆలోచించి ఆమె ఒక ఉపాయం పన్నింది. ఆ సాయంత్రం ఆరు గంటలకు చీటీలన్నీ చదివింది. కెమెరా వంక చూసింది. ఎప్పుడూ చెప్పే మాట చెప్పలేదు. "దయచేసి ఈ పనులు ఎవరూ చెయ్యబాకండి. చేస్తే నా స్టేషన్ పోతది" అంది.

అప్పటికి మూడో వార్డు వాళ్ళ ఏడుపు చూడలేక ట్యాంకు ఆపరేటరు రహస్యంగా వాల్వు దాకా వెళ్ళాడు. పక్కింటి టీవీలో ఆ మాట విని చేయి వెనక్కి తీసుకున్నాడు. నాలుగో వార్డులో కాలువ తవ్వుతున్న ముఠా గునపాలు అక్కడే వదిలి గట్టెక్కింది. లైన్‌మన్ స్తంభం సగం ఎక్కి దిగిపోయాడు. ఆ రాత్రి తాళ్ళమర్రులో ఒక్క మంచి పనీ జరగలేదు. నలభై వేల మంది మస్తానమ్మ కోసం చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పొద్దున్నే విఠలేశ్వరరావు జీపు వచ్చింది.

"అమ్మా, ఒక్క మాటతో పట్టణమంతటినీ స్తంభింపజేసితిరి. ఇది ఏ ప్రభుత్వము వలనను కాని పని" అని ఫారంలో 'ఉన్నతశక్తి' కొట్టేసి 'అత్యున్నతశక్తి' అని రాశాడు.

మస్తానమ్మ బిత్తరపోయింది. "వాళ్ళు నా మాట వినకుండా పనులు చేసుంటే?"

"పనులు జరిగినవి గనుక అప్పుడును మీ శక్తియే."

"ఇంక నాకు దారేది సారూ?"

"దారి చూపుట ఈ కార్యాలయ పరిధిలోనికి రాదమ్మా."

బహిరంగ విచారణ మార్కెట్ యార్డులో జరిగింది. మన టీవీలో ప్రత్యక్ష ప్రసారం. కోదండం చెప్పులు లేకుండా నడిచి వచ్చాడు. ఖాళీ కారు ఆయన వెనకాలే మెల్లగా వచ్చింది. ఆయన ఫైళ్ళు రెండు రిక్షాల్లో వచ్చాయి.

విఠలేశ్వరరావు ఒక్కొక్క కాగితమే చదివాడు. తిరస్కరించిన అర్జీలు నలభై మూడు. గెంటివేత ఫోటో ఒకటి. సామ్రాజ్యమ్మ వాంగ్మూలం చదివినప్పుడు జనంలో నవ్వు లేదు. వాళ్ళకది కొత్త సంగతి కాదు. ఇంతలో కోదండం గుమాస్తా ఉత్సాహం ఆపుకోలేక, అర్జీలన్నీ అయ్యగారు తిరస్కరించమంటేనే తిరస్కరించారని అరిచాడు. కోదండం మొహం పాలిపోయింది.

విఠలేశ్వరరావు అరనిమిషం కళ్ళు మూసుకున్నాడు.

"దరఖాస్తుదారు కోరినది వంతెన. వంతెన వచ్చినదా?"

"రాలేదు" అన్నాడు గుమాస్తా.

"కోరినది జరగలేదు. అభ్యంతరము తోసిపుచ్చడమైనది."

మిగతావాళ్ళ ఫైళ్ళు అంత బరువు తూగలేదు. కోదండాన్ని సంపూర్ణ అశక్తుడిగా ప్రకటించారు. రాజముద్ర వేసిన ధ్రువపత్రం, దానితోపాటు మన టీవీ లైసెన్సు చేతికిచ్చారు. పదిహేడో ప్రశ్నకు ప్రతివారం జవాబు పంపుతూ ఉండాలని, ఏ వారమైనా ఆయన మాట చెల్లినట్టు తేలితే లైసెన్సు దానంతటదే రద్దవుతుందని చదివి వినిపించారు. కోదండం వినలేదు. అప్పటికే మిట్ట వైపు చూస్తున్నాడు.

"ఎస్సై గారూ, టవరు దగ్గర తాళం తీయించండి" అన్నాడు.

ఎస్సై కదల్లేదు. "తీయిస్తే మీ మాట చెల్లినట్టే గదండీ. లైసెన్సు పోద్ది."

కోదండం విఠలేశ్వరరావు వైపు తిరిగాడు. ఆయన తల ఊపాడు. అది అక్షరాలా నిజమన్నాడు. పోనీ తానే పగలగొడతానంటే, అది శారీరక శక్తి కిందకు వస్తుందన్నాడు.

కోదండం కారు దగ్గరికి వెళ్ళి ఇంటికి పోనీయమన్నాడు. డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పోనిస్తే అయ్యగారి లైసెన్సుకు ఏమవుతుందోనని భయంగా ఉందన్నాడు. కోదండం నడిచి ఇల్లు చేరాడు. సామ్రాజ్యమ్మ అప్పటికే ధ్రువపత్రం నకలు పటం కట్టించి నడవాలో తగిలించింది.

అప్పట్నుంచి ఆయన మాట ఎక్కడా చెల్లలేదు. క్వారీలో పేలుళ్ళు ఆగిపోయాయి. గిడ్డంగిలో హమాలీలు బస్తా ఎత్తమంటే, మీ మేలు కోరేవాళ్ళం కాబట్టి ఎత్తలేమన్నారు. హోటల్లో టీ చెప్తే రాలేదు. మంగలి షాపులో సగం గడ్డం గీశాక ఎవరో గుర్తుచేశారు. మిగతా సగం ఉండిపోయింది.

స్టేషన్ తాళం మాత్రం మస్తానమ్మ దగ్గరే ఉంది. ఎలాగూ లైసెన్సు పోయింది కాబట్టి ఆమె విచారణ జరిగిన సాయంత్రమే, ఎవరి పని వాళ్ళు చేసుకోమని టీవీలో చెప్పింది. గంటలో కుళాయిలు వచ్చాయి, దీపాలు వెలిగాయి. లైసెన్సున్నవాడికి స్టేషన్ లేదు. స్టేషన్ ఉన్నామెకు లైసెన్సు లేదు. ఈ పరిస్థితికి ఏ ఫారమూ లేదని విఠలేశ్వరరావు పైకి రాశాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం అయిదున్నరకు కోదండం సగం గడ్డంతో మిట్ట ఎక్కాడు. చేతిలో చీటీ ఉంది.

"మస్తానమ్మా, నా మాట వినేవాడు లేడు. నువ్వు చదివితే అన్నీ జరుగుతయ్యంటగా. ఇది చదువు."

ఆమె చీటీ చూసింది. 'నా స్టేషన్ నాకు ఇప్పించగలరు. ఇట్లు, కోదండం.'

"వద్దని చెప్పు అమ్మాయ్" అన్నాడు ఖాజావలి.

మస్తానమ్మ చీటీని రిజిస్టరు మీద పెట్టింది. ఆమె కళ్ళ ముందు ఫారం, పదిహేడో ప్రశ్న కింద గీసిన రెండు గీతలు కదిలాయి. చిట్టచివర చెప్పిన మాట చెల్లినదా?

"చదువుదామన్నా" అంది. "మనసు పెట్టి చదువుదాం. ఇంక వేరే చీటీ ఏదీ నాకియ్యబాకు."

ఆ సాయంత్రం ఊరి మాటలో ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చింది. కోదండం గారి స్టేషన్ కోదండం గారికి ఇప్పించగలిగినవాళ్ళు దయచేసి ఇప్పించండని ఆమె చేతులు జోడించి అడిగింది. ఎక్కడా వెటకారం లేదు. మర్నాడు మళ్ళీ అదే. ఏడు సాయంత్రాలు అదే. ఊరంతా శ్రద్ధగా చూసింది. వంటలు చేసుకుంది, పడుకుంది. ఎవరూ మిట్ట ఎక్కలేదు. మూడో గడిలో ఎర్ర సిరా పడలేదు.

ఎనిమిదో రోజు ఆమె విఠలేశ్వరరావుకు కబురు పంపింది. ఆయన రిజిస్టరు చివరి పేజీ తిరగేశాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు.

"ఏడు పర్యాయములు చెప్పితిరా?"

"ఏడుసార్లు సారూ. దండం పెట్టి చెప్పినా."

"ఒక్కరును కదలలేదా?"

"కుక్క కూడా కదల్లేదు."

ఆయన కళ్ళలో ఇన్నాళ్ళకు మొదటిసారి వెలుగు కనిపించింది. 'శక్తి సంపూర్ణముగా క్షీణించినది' అని రాసి, పదిహేడో ప్రశ్న దగ్గర 'చెల్లలేదు' అని దిద్దాడు.

కోదండం అడ్డం వస్తాడేమోనని ఖాజావలి భయపడ్డాడు. ఆయన రాలేదు. ఆయన లేఖ వచ్చింది. తన లైసెన్సు వెంటనే వెనక్కి తీసుకోమని, తన శక్తి తనకు ఇచ్చేయమని వేడుకున్నాడు. విఠలేశ్వరరావుకు ఇది కూడా ఇబ్బందే. తీసుకోమన్నప్పుడు తీసుకుంటే కోదండం మాట చెల్లినట్టు. చెల్లితే లైసెన్సు రద్దు. రద్దయితే తీసుకోవడానికి ఏమీ ఉండదు. రెండు పేజీలు రాసుకుని చూస్తే అన్నీ ఒకచోటికే వచ్చాయి. సంతోషంగా రద్దు చేసి, లైసెన్సు మస్తానమ్మ పేరున రాశాడు.

ఆ సాయంత్రం ఆరు గంటలకు మస్తానమ్మ తన ధ్రువపత్రం కెమెరాకు చూపించి చదివింది.

"దరువూరి మస్తానమ్మ అను ఆమెకు ఎట్టి శక్తియు లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

"రైట్" అన్నాడు ఖాజావలి.

ఆమె పత్రం మడిచి పక్కన పెట్టింది. పాత రిజిస్టరు తెరిచింది.

"ఇంకో సంగతి. కోదండం గారికి శక్తి తిరిగొచ్చిందని సర్కారు చెప్పింది. నిజంగా వచ్చిందో లేదో ఆయన పనివాళ్ళకి అనుమానంగా ఉందంట. తేల్చుకోవడం సులువు. రేపు పొద్దున లారీలకు పట్టాలు కట్టమని ఆయన చెప్తే, పనివాళ్ళు కడతారా కట్టరా? బడి వీధిలో నిలబడి ఊరంతా చూస్తాం."

ఉదయం ఏడు గంటలకు పదకొండు లారీలు బడి వీధిలోకి వచ్చాయి. పదకొండింటికీ పట్టాలు బిగించి ఉన్నాయి. నున్నగా గడ్డం గీయించుకున్న కోదండం ముందు లారీలో డ్రైవరు పక్కన కూర్చుని, తన మాట చెల్లిందని అందరికీ కనిపించేలా చేయి ఊపుతున్నాడు. పిల్లలు పలకలు ఎత్తి చూపించారు. పలకల మీద పొడి లేదు. మస్తానమ్మ ఆ వీధి చివర ఉన్న తన షాపు మెట్ల మీదే నిలబడి, రెండేళ్ళ నాటి గడిలో ఎర్ర సిరాతో తేదీ వేసింది.

విఠలేశ్వరరావు జీపు కూడా అప్పుడే ఊరు విడిచి వెళ్ళాల్సి ఉంది. లారీల వెనక చిక్కుకుంది. ఆయన పట్టాలు చూశాడు, రిజిస్టరు చూశాడు, మస్తానమ్మను చూశాడు. చేయి దానంతటదే జేబులోని కలం మీదకు పోయింది.

ఖాజావలి పరుగున వెళ్ళి జీపు వెనక రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

"రైట్, రైట్. పోనీ."

ముప్ఫై ఏళ్ళు బస్సులు కదిలించిన గొంతు. జీపు డ్రైవరు పై అధికారిని అడగకుండానే గేరు వేశాడు. విఠలేశ్వరరావు కలం మూత తీసి ఆపమనేసరికి జీపు రైలు గేటు దాటేసింది. అక్కడికి తాళ్ళమర్రు సిగ్నల్ అందదు.